ఆఫీసుకీ, ఏజెన్సీ ఘాట్లకీ, గుడారానికీ ఒకే బండా? విశాఖ నుంచి అడ్వెంచర్ బైక్ లెక్కలు

2025 సెప్టెంబరు 22న జీఎస్‌టీ రేట్లు మారినప్పటి నుంచి అడ్వెంచర్ బైక్ కొనాలనుకునేవాళ్ల లెక్కలు తారుమారయ్యాయి. 350 సీసీ వరకు ఉన్న బళ్ల మీద పన్ను 28 శాతం నుంచి 18కి దిగింది. అంతకు మించిన బళ్ల మీద అప్పటిదాకా సెస్సుతో కలిపి 31 శాతం ఉండేది, అది 40కి ఎక్కింది. హీరో ఎక్స్‌పల్స్ 210, సుజుకీ వీ-స్ట్రోమ్ ఎస్‌ఎక్స్, టీవీఎస్ అపాచీ ఆర్‌టీఎక్స్ 300 ఈ గీతకు ఇవతల ఉన్నాయి. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450, కేటీఎం 390 అడ్వెంచర్ అవతల ఉన్నాయి. ధరల తేడా పెరగడంతో పాత ప్రశ్న మళ్లీ గట్టిగా వినిపిస్తోంది. రోజూ ఆఫీసుకు, నెలకోసారి అరకుకో లంబసింగికో, వీలైతే తారు రోడ్డు వదిలి లోపలికి వెళ్లి గుడారం వేసుకోవడానికి... ఈ మూడింటికీ పనికొచ్చే బండి ఏది?

షోరూములో దీనికి జవాబుగా సీసీ, పవర్, ధర చెబుతారు. అవి అవసరమే. కానీ ఈ మూడు పనుల్లో ఏ పని బండి నుంచి ఏం కోరుతుందో ముందు తేలకపోతే ఆ అంకెలకు అర్థం ఉండదు.

## అడ్వెంచర్ బైక్ అంటే ఏ బండి

తారు రోడ్డు మీద దూరం వెళ్లగలిగి, మట్టి రోడ్డు వచ్చినా ఆగకుండా సాగే బండిని అడ్వెంచర్ బైక్ అంటున్నాం. నిటారుగా కూర్చునే పొజిషన్, వెడల్పాటి హ్యాండిల్, నేల నుంచి ఎత్తుగా ఉండే ఇంజిను, ఎక్కువ దూరం కదిలే సస్పెన్షన్, సామాను కట్టుకోవడానికి చోటు దీని లక్షణాలు. డర్ట్ బైక్ వేరు. అది తేలిగ్గా, ఎత్తుగా, దాదాపు పూర్తిగా మట్టి కోసమే ఉంటుంది. టూరర్ కూడా వేరు. దానికి హైవే సౌకర్యమే ముఖ్యం. అడ్వెంచర్ బైక్ ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది, ఆ 'ఎక్కడో' అన్నది ఒక్కో మోడల్‌కు ఒక్కోచోట. మామూలు కమ్యూటర్ ఇంజినుకు పొడవాటి ముక్కు, చేతి గార్డులు తగిలించి అడ్వెంచర్ పేరుతో అమ్మే బళ్లూ ఉన్నాయి. రెండు చక్రాలూ 17 అంగుళాలే ఉండి, సస్పెన్షన్ మామూలుగానే ఉంటే ఆ బండి చూడటానికి ఎలా ఉన్నా రోడ్డు బండే.

ఆఫ్‌రోడ్ అన్న మాటను కూడా మనం చాలా వదులుగా వాడతాం. గుంటలు పడిన పంచాయతీ రోడ్డు, కంకర పరిచి తారు వేయకుండా వదిలేసిన రోడ్డు, వానాకాలం ఎర్ర బురద, గెడ్డలోని నున్నటి రాళ్లు, ఇవన్నీ ఒకటి కావు. మొదటి రెండింటికి ఏ మంచి బండైనా ఓపికగా నడిపితే చాలు. తర్వాతి రెండింటి దగ్గరే బళ్ల మధ్య తేడా బయటపడుతుంది.

## ఏడాది కిలోమీటర్లను విడదీసి చూస్తే

గాజువాకలో ఇల్లు, మధురవాడలో ఉద్యోగం ఉన్న మనిషిని ఊహించుకుందాం. ఎన్‌ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక మీదుగా రానూపోనూ రోజుకు 55 కిలోమీటర్లు అనుకుంటే, నెలకు 25 పనిదినాల చొప్పున ఏడాదికి 16,500. నెలకొకసారి చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు ఎక్కి, చింతపల్లి, లంబసింగి చూసుకుని నర్సీపట్నం మీదుగా దిగితే దాదాపు 300 కిలోమీటర్లు. ఏడాదికి 3,600. ఆ 300లో తారు లేని దారి 20 కిలోమీటర్లు ఉందనుకున్నా ఏడాదికి 240.

మొత్తం 20,100 కిలోమీటర్లలో 240 అంటే ఒక శాతానికి కాస్త ఎక్కువ.

దీన్ని చూసి కొందరు, 'ఒక శాతం కోసం అడ్వెంచర్ బైక్ ఎందుకు, మామూలు బండి చాలదా?' అంటారు. అందులో న్యాయం ఉంది. అయితే దూరంతో కాకుండా గంటలతో కొలిస్తే లెక్క మారుతుంది. బొర్రా దగ్గర కటికి జలపాతం వైపు జీపులు ఎక్కే దారి లాంటిచోట గంటకు 10 కిలోమీటర్లు వెళ్తే గొప్ప. 20 కిలోమీటర్లంటే రెండు గంటలు. పైగా హైవే మీద బండి ఇబ్బంది పెడితే పక్కకు ఆపి ఫోన్ చేస్తాం. సిగ్నల్ లేని కొండ దారిలో చీకటి పడే వేళ బండి పడిపోతే లేపాల్సింది మనమే. ఆ ఒక శాతం బరువు మిగతా కిలోమీటర్ల బరువుతో సమానం కాదు.

## మూడు పనుల్లో ఏ రెండు కలుస్తాయి

సిటీలో రోజువారీ తిరుగుడు ఒక చివర, ఆఫ్‌రోడ్ మరో చివర, టూరింగ్ మధ్యలో అని చాలామంది అనుకుంటారు. నాకు అలా అనిపించదు. ట్రాఫిక్‌లో ఏం కావాలి? తేలికైన బండి, తక్కువ వేగంలో కుదుపు లేని లాగుడు, ఇరుకులో దూరేంత సన్నటి ఒళ్లు, బాగా తిరిగే హ్యాండిల్, తేలికైన క్లచ్. బురదలోనూ కావలసినవి సరిగ్గా ఇవే. ఈ రెండు పనులూ ఒకవైపు నిలబడతాయి.

వేరే వైపుకు లాగేది హైవే. ఎన్‌హెచ్-16 మీద లారీని దాటాలన్నా, వెనక మనిషితో గంటకు 100 దగ్గర హాయిగా సాగాలన్నా పవర్ కావాలి, గాలికి ఊగని బరువు కావాలి, పెద్ద ట్యాంకు కావాలి. వీటిలో ప్రతి ఒక్కటీ బండి బరువును పెంచేదే.

కాబట్టి ఏడాదిలో మీరు చేసే హైవే ప్రయాణం ఎంత, అది ఎలాంటిది అన్నది ముందు తేలాలి. ఈ విషయంలో విశాఖవాళ్లకు ఒక అదృష్టం ఉంది. ఎస్.కోట దాటితే అరకు ఘాట్, మాడుగుల దాటితే పాడేరు ఘాట్. రెండు గంటల్లోపే కొండ మొదలవుతుంది. హైదరాబాద్ నుంచి ఏజెన్సీకి వచ్చేవాళ్లు దాదాపు 600 కిలోమీటర్ల హైవే దాటాకే కొండను చూస్తారు. వాళ్లకు సరైన బండి మనకూ సరైనదే కావాలని లేదు.

## ఎవరూ అడగని అంకె: బరువు

కెర్బ్ వెయిట్ అంటే ఆయిలు, పెట్రోలుతో సహా నడపడానికి సిద్ధంగా ఉన్న బండి బరువు. డ్రై వెయిట్‌లో పెట్రోలు ఉండదు. 17 లీటర్ల ట్యాంకు నిండా పెట్రోలంటే 12, 13 కిలోలు, అందుకే ఒక బండి డ్రై వెయిట్‌ను మరో బండి కెర్బ్ వెయిట్‌తో పోల్చకూడదు.

వీ-స్ట్రోమ్ ఎస్‌ఎక్స్ 167 కిలోలు. ఎక్స్‌పల్స్ 210 దాదాపు 170. ఆర్‌టీఎక్స్ 180. 2025లో వచ్చిన కొత్త 390 అడ్వెంచర్ 183. హిమాలయన్ 450 అయితే 196. తేలికైనదానికీ బరువైనదానికీ తేడా 29 కిలోలు, అంటే ఒక బియ్యం బస్తా కంటే కాస్త ఎక్కువ.

క్యాంపింగ్ సామాను దీనికి అదనం. ఇద్దరు పట్టే గుడారం 3 కిలోలు, పరుపు, స్లీపింగ్ బ్యాగ్ కలిపి మరో 3 వేసుకోండి. డిసెంబరు, జనవరి నెలల్లో లంబసింగిలో రాత్రి చలి సున్నా దరిదాపులకు దిగిన రోజులున్నాయి కాబట్టి పల్చటి స్లీపింగ్ బ్యాగ్ అక్కడ ఆగదు. నీళ్లు 5 లీటర్లు, అంటే 5 కిలోలు. స్టవ్, గిన్నెలు, బియ్యం, బట్టలు కలిపి 7. పనిముట్లు, ట్యూబు, పంపు 3. బ్యాగులు, వాటి ఫ్రేము 4. మొత్తం 25 కిలోలు. సిటీలో హాయిగా అనిపించిన బండి ఇప్పుడు వేరే బండి.

ఈ తేడా బండి పడిపోయినప్పుడు బాగా తెలుస్తుంది. వాన వెలిసిన ఎర్రమట్టి దారి మీద బండి ఒరిగిందంటే ముందు టైరు గాళ్లు మట్టితో నిండి నున్నగా అయిపోయి ఉంటాయి. హ్యాండిల్‌ను ఒకవైపు పూర్తిగా తిప్పి, బండికి వీపు ఆనించి, కాళ్లతో నెట్టాలి. మొత్తం బరువు ఎత్తక్కర్లేదు, ఒరిగిన బండిని చక్రాల మీదకు తిప్పితే చాలు. కానీ మడమ కింద మట్టి జారుతుంది. సగం లేచిన బండి మళ్లీ పడుతుంది. ఒకసారి లేపడం ఎవరికైనా సాధ్యమే, నాలుగోసారికి మాత్రం ఆ 29 కిలోలు ఎక్కడున్నాయో నడుముకు తెలుస్తుంది.

బరువుకు అనుకూలంగా చెప్పేవాళ్ల మాటా వినాలి. బరువైన బండి ఎదురుగాలికి, లారీల గాలికి తక్కువ కదులుతుంది. ఇంజినూ ట్యాంకూ కిందికి అమరిస్తే ఆ బరువు నడిచేటప్పుడు అంతగా తెలియదు. హిమాలయన్ 450 కదలడం మొదలయ్యాక అంకె చెప్పినంత బరువుగా ఉండదని నడిపినవాళ్లు చెప్పేది ఇందుకే. ఆగినప్పుడు, తోసేటప్పుడు, లేపేటప్పుడు మాత్రం 196 అంటే 196.

## పవర్ ఒకటి, లాగుడు ఒకటి

బండి ఎంత వేగంగా పోగలదో పవర్ చెబుతుంది. టార్క్ అంటే చక్రాన్ని తిప్పే బలం, మనం 'లాగుడు' అనేది. ఆ లాగుడు ఎన్ని ఆర్‌పీఎం (ఇంజిను నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర దొరుకుతుందన్నది కూడా అంతే ముఖ్యం. పాత హిమాలయన్ 411 ఇంజిను తన పూర్తి టార్క్ 32 ఎన్‌ఎం (న్యూటన్ మీటర్లు, టార్క్ కొలత)ను 4,000-4,500 ఆర్‌పీఎం దగ్గరే ఇచ్చేది. 450 ఇంజిను 40 ఎన్‌ఎం ఇస్తుంది, కానీ 5,500 దగ్గర. పాత 373 సీసీ కేటీఎం 390 ఇచ్చే 37 ఎన్‌ఎం 7,000 దగ్గర వస్తుంది. ఘాట్ హెయిర్‌పిన్ మలుపులో సెకండ్ గేర్‌లోనే దడదడ లేకుండా ఎక్కే బండికీ, క్లచ్ నొక్కి ఫస్ట్‌కు దింపాల్సిన బండికీ తేడా చాలావరకు ఇక్కడే పుడుతుంది. అందుకే 25 పీఎస్ (పవర్ కొలత) దాటని 411ను ఇప్పటికీ సెకండ్ హ్యాండ్‌లో వెతుక్కునేవాళ్లున్నారు.

హైవే వైపు లెక్క వేరు. 75 కిలోల మనిషి, 25 కిలోల సామాను కలిపితే ఎక్స్‌పల్స్ 210 మీద మొత్తం 270 కిలోలు. దాని 24.6 పీఎస్‌ను పంచితే వంద కిలోలకు 9.1 పీఎస్. హిమాలయన్ 450కి 296 కిలోలు, 40 పీఎస్, అంటే వందకు 13.5. వెనక 60 కిలోల మనిషి కూడా కూర్చుంటే ఎక్స్‌పల్స్ 7.5కి, హిమాలయన్ 11.2కి దిగుతాయి. ఇద్దరూ సామానూ ఉన్న హిమాలయన్, ఒక్క మనిషి ఉన్న ఎక్స్‌పల్స్ కంటే చురుగ్గా ఉంటుందన్నమాట. ఎప్పుడూ ఇద్దరుగా తిరిగేవాళ్లకు ఈ ఒక్క లెక్కే నిర్ణయం మార్చేయగలదు.

ఎక్కువ పవర్‌కు సిటీలో చెల్లించేది వేడి. మే నెల ఉక్కపోతలో ఎన్‌ఏడీ దగ్గర సిగ్నల్ పడితే రేడియేటర్ ఫ్యాన్ తిరిగి వేడిగాలిని మోకాళ్ల మీదకు తోస్తుంది. టెస్ట్ రైడ్ ఉదయం ఏడింటికి చేస్తే ఇది తెలియదు.

## సీటు ఎత్తు: ఒకే అంకె, వేరే అనుభవం

హిమాలయన్ 450 సీటు 825 మి.మీ., ఎక్స్‌పల్స్ 210 ది 830, వీ-స్ట్రోమ్, ఆర్‌టీఎక్స్ లవి 835. అన్నీ దాదాపు ఒకటే. అయినా అయిదడుగుల అయిదంగుళాల మనిషికి ఒకదాని మీద రెండు పాదాల ముందుభాగం ఆనుతుంది, ఇంకోదాని మీద వేళ్లే ఆనుతాయి. సీటు ముందుభాగం వెడల్పుగా ఉంటే తొడలు విడిపోయి కాలు పొట్టిదవుతుంది. సస్పెన్షన్ మెత్తగా ఉంటే మనిషి కూర్చోగానే బండి కుంగుతుంది. ఈ రెండూ బ్రోచర్‌లో ఉండవు. సమతల నేల మీద ఒక కాలు గట్టిగా ఆనితే చాలనేవాళ్లు ఒకవైపు, రాళ్ల మీద ఆ ఒక్క కాలు ఆనాల్సినచోట గుంట ఉంటుందనేవాళ్లు మరోవైపు. బండి తేలికైనదైతే మొదటి మాట నిజం, సామానుతో బరువెక్కితే రెండోది.

## చక్రాలు, ట్యూబులు, సముద్రపు గాలి

ముందు చక్రం పెద్దదైతే రాయిని తక్కువ కోణంలో తాకి మీదకు ఎక్కేస్తుంది. అందుకే హిమాలయన్, ఎక్స్‌పల్స్ ముందు చక్రం 21 అంగుళాలు. వీ-స్ట్రోమ్, ఆర్‌టీఎక్స్ లది 19. తారు మీద మలుపుల్లో 19 చురుగ్గా తిరుగుతుంది. వాటి అల్లాయ్ చక్రాలకు ట్యూబ్‌లెస్ టైర్లు ఉంటాయి కాబట్టి పంచరైతే మేకు పీకి, రబ్బరు పుల్ల దూర్చి, గాలి కొట్టుకుని పది నిమిషాల్లో బయలుదేరవచ్చు. ట్యూబు చక్రానికి పంచర్ పడితే చక్రం ఊడదీయాలి. సామాను దించి, మధ్య స్టాండు లేని బండిని దేనికో ఆనించి, చీకట్లో చేసే పని అది.

స్పోక్ చక్రం దెబ్బకు వంగినా చాలాసార్లు సరిచేయవచ్చు. అల్లాయ్ పగిలితే మార్చడమే. ఈ వాదన దేశమంతా ఉన్నదే. విశాఖలో మాత్రం ఇంకో కోణం ఉంది: ఉప్పు గాలి. ఆర్కే బీచ్, పెదవాల్తేరు, రుషికొండ వైపు రాత్రంతా బయట ఉన్న బండిని ఉదయం వేలితో తుడిచి చూడండి, జిడ్డుగా పల్చటి పొర తగులుతుంది. అది ముందు చేరేది చైన్ లింకుల్లోకి, సైలెన్సర్ బోల్టుల మీదకి, స్పోకులు రిమ్మును కలిసేచోట ఉండే చిన్న నిపుళ్లలోకి. తుప్పుతో నిపుల్ బిగుసుకుపోతే స్పోకును బిగించబోతే విరుగుతుంది. స్పోకుకున్న మరమ్మతు సౌలభ్యం అక్కడితో పోతుంది. హిమాలయన్ 450కి తర్వాత వచ్చిన ట్యూబ్‌లెస్ స్పోక్ చక్రాలు పంచర్ బాధ తీర్చాయి, ఉప్పు బాధ అలాగే ఉంది.

ఇసుక గురించి ఒక్క మాట. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు బండి సరదాకు పనికొచ్చే చోటులా కనిపిస్తాయి. అవి జియోలాజికల్ సర్వే గుర్తించిన భూవారసత్వ స్థలం, వేల ఏళ్లుగా పేరుకున్న మెత్తటి మట్టి. టైరు గాడి పడినచోట వాన నీరు చేరి కోత మొదలవుతుంది. ఏ బండి కొన్నా అక్కడికి తీసుకెళ్లవద్దని గట్టిగా కోరుకుంటాను.

## సస్పెన్షన్, ఏబీఎస్

సస్పెన్షన్ ట్రావెల్ అంటే చక్రం పైకీ కిందికీ ఎంత దూరం కదలగలదన్నది. హిమాలయన్‌కు ముందూ వెనకా 200 మి.మీ., ఎక్స్‌పల్స్ 210కి ముందు 210, వెనక 205. గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకూ బండి అడుగుకూ మధ్య ఎత్తు) అంకెలు ఖాళీ బండివి. మనిషి, సామాను ఎక్కాక వెనక భాగం కుంగుతుంది, హిమాలయన్ బ్రోచర్‌లోని 230 మి.మీ. ఇక 230 కాదు. వెనక షాకబ్జార్బర్ ప్రీలోడ్ (స్ప్రింగు బిగువు) బిగిస్తే కొంత తిరిగి వస్తుంది.

2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్లన్నిటికీ ఏబీఎస్ (బ్రేకు గట్టిగా వేసినా చక్రం లాక్ కాకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి. తారు మీద అది ప్రాణం కాపాడే వస్తువు. కంకర దిగుడులో మాత్రం వెనక చక్రం లాక్ అయితేనే దాని ముందు మట్టి పోగై బండి ఆగుతుంది. ఏబీఎస్ ఆ లాక్ పడనివ్వక బ్రేకు వదులుతూ ఉంటే ఆగే దూరం పెరుగుతుంది. అందుకే వెనక ఏబీఎస్ ఆపే స్విచ్ ఉందా లేదా అన్నది అడ్వెంచర్ బైక్‌లో అలంకారం కాదు.

## ట్యాంకు ఎంత దూరం తెస్తుంది

12 లీటర్ల వీ-స్ట్రోమ్ లీటరుకు 35 ఇస్తుందనుకుంటే 420 కిలోమీటర్లు. కానీ సామానుతో ఘాట్లలో తక్కువ గేర్ల మీద అది 28కి దిగిందనుకోండి. రెండు లీటర్లు మిగుల్చుకుంటే చేతిలో ఉండేది 280. పైన చెప్పుకున్న 300 కిలోమీటర్ల చుట్టుకు చాలదు, పాడేరులోనో చింతపల్లిలోనో బంకు దగ్గర ఆగాలి. అది పెద్ద ఇబ్బంది కాదు. గూడెం కొత్తవీధి దాటి సీలేరు వైపు పోయేవాళ్లకే 17 లీటర్ల ట్యాంకు విలువ బాగా తెలుస్తుంది.

రోజువారీ లెక్కలో తేడా ఇంకోలా ఉంటుంది. 16,500 కిలోమీటర్లకు లీటరుకు 40 ఇచ్చే బండి 412 లీటర్లు తాగితే, 30 ఇచ్చేది 550 తాగుతుంది. పెట్రోలు 110 రూపాయలు అనుకుంటే ఏడాదికి 15 వేల తేడా.

## పన్ను గీత చేసిన మార్పు

పన్నుకు ముందు 2,00,000 ఉన్న 350 సీసీ లోపు బండి పాత రేటుతో 2,56,000 అయ్యేది, ఇప్పుడు 2,36,000. పన్నుకు ముందు 2,20,000 ఉన్న పెద్ద బండి పాత రేటుతో 2,88,200, ఇప్పుడు 3,08,000. తయారీ ధరలో తేడా 20 వేలే, కొనేవాడికి తేడా 32 వేల నుంచి 72 వేలకు పెరిగింది. లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ దీని మీద అదనం. కంపెనీలు కొంత భరించి ధర సర్దినచోట ఈ తేడా తగ్గుతుంది కాబట్టి కొనే రోజు ఆన్‌రోడ్ ధరే అసలు అంకె.

72 వేలు ఎక్కువా తక్కువా అన్నది అవసరాన్ని బట్టే. గాజువాక మనిషి ఒంటరిగా తిరిగేవాడైతే, హైవే మీద అతనికి కావలసింది కొండ పాదం దాకా చేరడమే. 170 కిలోల దగ్గర ఉన్న బళ్లు అతని ఆఫీసుకూ బురదకూ రెండిటికీ సరిపోతాయి. వాటిలో బురద ఎక్కువైతే ఎక్స్‌పల్స్, తారు ఎక్కువైతే వీ-స్ట్రోమ్. భార్యాభర్తలు ఏడాదికి రెండుసార్లు హైదరాబాదో బెంగళూరో బండి మీదే వెళ్లేవాళ్లైతే వంద కిలోలకు 7.5 పీఎస్ వాళ్లను అలసిపోయేలా చేస్తుంది. వాళ్లకు పెద్ద బండి మీద పెట్టే డబ్బు వృథా కాదు. 36 పీఎస్ ఉండి 18 శాతం పన్నులోకి వచ్చే ఆర్‌టీఎక్స్ లాంటిది మధ్యదారి, గట్టి ఆఫ్‌రోడ్ తమ పని కాదనుకుంటే.

కూర్మన్నపాలెంలో ఉంటూ స్టీల్‌ప్లాంటులో పనిచేసేవాళ్ల సంగతి వేరు. రోజుకు పది కిలోమీటర్లు కూడా తిరగరు, సెలవు దొరికితే ఏజెన్సీలోనే ఉంటారు. ఇలాంటివాళ్లలో కొందరు రోజువారీకి ఉన్న స్కూటరే ఉంచుకుని, కొండకు సెకండ్ హ్యాండ్ ఎక్స్‌పల్స్ 200 కొంటున్నారు. ఒక్కో పనికి సరైన బండి దొరుకుతుంది, కొండ మీద పడినా కొత్త బండి గీతపడిన బాధ ఉండదు. కానీ రెండు ఇన్సూరెన్సులు, రెండు సర్వీసులు, వారంలో ఆరు రోజులు కదలకుండా ఉప్పు గాలికి నిలబడే ఒక చైను. ఎంవీపీ కాలనీలో ఫ్లాటుకు ఒక్క పార్కింగే ఇచ్చిన అపార్ట్‌మెంట్‌లో అయితే రెండు బళ్ల ఆలోచన మొదలవకముందే ఆగిపోతుంది.